ఎనభై అడిగితే వంద ఇచ్చిన ఊరు



ఏటా ఏప్రిల్ 18న భూదాన్ పోచంపల్లిలో సందడి ఉంటుంది. వినోబా భావే విగ్రహానికి, వెదిరె రామచంద్రారెడ్డి విగ్రహానికి దండలు వేస్తారు. నాయకులు వస్తారు, మైకులు మోగుతాయి, బడిపిల్లలు వరసకట్టి నిలబడతారు. 1951లో ఆ రోజునే, భూమి ఉన్నవాళ్లు లేనివాళ్లకు దానంగా ఇచ్చే భూదాన ఉద్యమం వినోబా చేతుల మీదుగా ఇక్కడ మొదలైంది. 2026లో దానికి 75 ఏళ్లు. అమృతోత్సవం అన్నమాట. పండుగ చేసుకోవాల్సిందే, కాదనను. కాకపోతే ఇన్నేళ్లుగా ఆ వేదికల మీద వినిపించే మాటలు గమనిస్తే ఒక సంగతి తోస్తుంది. భూమి ఇచ్చినాయన పేరు చెప్తాం, పుచ్చుకున్న మహానుభావుడి పేరు చెప్తాం. అడిగినవాళ్ల ఊసు మాత్రం ఎత్తం. ఈ పూట వాళ్లను గురించి మాట్లాడతాను.

పోచంపల్లి ఇప్పుడు యాదాద్రి భువనగిరి జిల్లాలో చిన్న పురపాలక పట్టణం. హైదరాబాదుకు యాభై కిలోమీటర్ల లోపే. 1951లో అది నల్లగొండ జిల్లాలో ఓ పల్లె. అప్పటికి ఏడువందల గడపలు ఉండేవని, మూడింట రెండొంతుల మందికి సెంటు భూమి లేదని భూదాన చరిత్రలు చెప్తాయి. అది ఎలాంటి కాలమో కూడా తలచుకోవాలి. నిజాం పాలన పోయి మూడేళ్లు కాలేదు. కమ్యూనిస్టుల సాయుధ పోరాటం ఇంకా సాగుతూనే ఉంది, దాన్ని విరమించింది ఆ ఏడు అక్టోబరులో. పగలు ఒకరి భయం, రాత్రి ఇంకొకరి భయం. జాగీర్లు 1949లో రద్దయ్యాయి. 1950లో కౌలుదారీ చట్టం వచ్చింది. కాగితం మీద రైతుకు రక్షణ దొరికింది. ఊళ్లో మాత్రం కూలివాడు కూలివాడే.

1951 ఏప్రిల్‌లో హైదరాబాదు పక్కన శివరాంపల్లిలో, గాంధీ బాటలో నడిచేవాళ్ల సర్వోదయ సమ్మేళనం జరిగింది. దానికి వినోబా వార్ధా దగ్గరి నుంచి నడిచే వచ్చారు. సమ్మేళనం అయ్యాక, ఏప్రిల్ 15, శ్రీరామనవమి నాడు, హైదరాబాదు జైల్లో ఉన్న కమ్యూనిస్టు ఖైదీలను కలిశారు. అక్కణ్ణుంచి తెలంగాణ పల్లెల దారి పట్టారు. పోలీసు పహరా వద్దన్నారు. మూడో మజిలీ పోచంపల్లి.

18వ తేదీ పొద్దున ఊరు చేరి, నేరుగా దళితవాడకు వెళ్లారు. ఇంటింటికీ తిరిగారు. మీకేం కావాలని అడిగారు. ఇలాంటి ప్రశ్న మామూలుగా ఎలా నడుస్తుందో మనకు తెలుసు. పెద్దమనిషి అడుగుతాడు, మనం చేతులు కట్టుకుని, తమ దయ అంటాం. వాళ్లు అలా అనలేదు. మాకు భూమి కావాలన్నారు. ఎంత అని ఆయన అడిగితే తమలో తాము మాట్లాడుకుని లెక్క కట్టి చెప్పారు: నలభై కుటుంబాలం, ఎనభై ఎకరాలు చాలు, అందులో నలభై తరి, నలభై ఖుష్కి. చెరువు కింద పారే భూమి ఎంత, వాన మీద ఆధారపడే చెలక ఎంత, ఇంటికి ఎన్ని ఎకరాలైతే రెండు పూటలా గడుస్తుంది, ఇవన్నీ లెక్కేసిన మాట అది. కలలో అడిగినట్టు అడగలేదు. పటేలు ముందు కూర్చుని పత్రం రాయించుకునేవాళ్లలా అడిగారు.

ఆ ధైర్యం ఆ పొద్దున్నే పుట్టింది కాదు. దున్నేవాడికే భూమి అన్న మాట అప్పటికి అయిదేళ్లుగా నల్లగొండ పల్లెల్లో తిరుగుతూనే ఉంది. దానికోసం ప్రాణాలు పోయాయి. సర్వోదయం వాళ్లు ఈ సంగతి గట్టిగా చెప్పరు. పోరాటం వైపువాళ్లు, భూదానం అంటే పోరాటాన్ని చల్లార్చే ఎత్తుగడ అని తేల్చేస్తారు. నా మట్టుకు నాకు రెండూ సగం సగం మాటలే అనిపిస్తాయి. అడగడం నేర్పింది ఆ పోరాటం. అడిగిన మాట వినడానికి గడపలోకి నడిచొచ్చింది వినోబా. ఆ రెండూ ఒక ఊళ్లో ఒక రోజు ఎదురుపడ్డాయి.

ఇక్కడ ఇంకో విషయం. వాళ్ల మాట విన్న వినోబాకు మొదట తట్టింది సర్కారే. మీ సంగతి ప్రభుత్వానికి చెప్తానన్నారు. ఆ తరవాత, ఇప్పటికిప్పుడు ఊళ్లోనే ఎవరైనా సాయం చేయగలరా అని అక్కడ కూడినవాళ్లను అడిగారు. అప్పుడు లేచి నిలబడ్డాడు వెదిరె రామచంద్రారెడ్డి. భూమిలో కొంత అర్హులకు ఇవ్వాలన్నది తన తండ్రి కోరిక అని చెప్పి, వంద ఎకరాలు ఇస్తానన్నాడు. సాయంత్రం ప్రార్థన సభలో ఆ మాట అందరి ముందూ మళ్లీ చెప్పించారు. ఎనభై అడిగినవాళ్లకు వంద దొరికింది. ఆ మనిషి పెద్ద మనసును తక్కువ చేయడానికి లేదు. తుపాకుల భయంతో భూస్వాములు పట్నం పారిపోతున్న రోజుల్లో, సొంత ఊళ్లో నిలబడి, నలుగురిలో మాట ఇచ్చి, నిలబెట్టుకున్నాడు. ఆ తరవాత జనం ఆయన్ను భూదాన్ రామచంద్రారెడ్డి అనే పిలిచారు.

మర్నాడు వినోబా మళ్లీ నడక మొదలుపెట్టారు. తెలంగాణలో 51 రోజులు తిరిగేసరికి 12,201 ఎకరాలు వచ్చాయి. తరవాత ఆ నడక ఉత్తరాదికి పోయింది, బిహారుకు పోయింది, దేశమంతా తిరిగి పదమూడేళ్లు సాగింది. అయిదు కోట్ల ఎకరాలు కావాలన్నది ఆయన కోరిక. వచ్చింది నలభై లక్షల పైచిలుకు. అందులో రాళ్లూ గుట్టలూ ఉన్నాయి, తగాదా భూములూ ఉన్నాయి, ఇచ్చి మళ్లీ వెనక్కి గుంజుకున్నవీ ఉన్నాయి. పంచింది పంచగా మిగిలింది చాలానే. మన దగ్గర 1965లో భూదాన, గ్రామదాన చట్టం చేశారు, బోర్డులు పెట్టారు. అయినా హైదరాబాదు చుట్టుపక్కల భూదాన భూముల మీద నడుస్తున్న కోర్టు తగాదాలు పేపర్లో చూస్తూనే ఉన్నాం. ఎకరం ధర కోట్లకు ఎక్కాక దానపత్రం కాగితానికి విలువ ఎంత ఉంటుందో చెప్పాల్సిన పని లేదు. అమృతోత్సవం పేరుతో పెట్టే ఖర్చులో కొంత, ఏ సర్వే నంబరు ఎవరికి ఇచ్చారు, ఇప్పుడు అది ఎవరి చేతుల్లో ఉంది అన్న లెక్కను ఊరి ముందు పెట్టడానికి వాడితే, నలభై కుటుంబాల వారసులకు అంతకన్నా మంచి దండ ఉండదు.

ఇక ఊరి రెండో సంగతి, మగ్గం. నిజానికి బయటి లోకానికి పోచంపల్లి అంటే ముందు చీరే, భూదానం తరవాతే.

పెళ్లిచీరల కొట్టులో పోచంపల్లి అనగానే అందరికీ తెలుస్తుంది. కానీ ఆ పని ఎలా జరుగుతుందో చీర కట్టుకునేవాళ్లలో చాలామందికి తెలియదు. మామూలుగా గుడ్డ నేసి, తరవాత అద్దకం వేస్తారు. ఇక్కడ అంతా తిరగేసిన వరస. నూలు గుడ్డ కాకముందే దాని మీద డిజైను కూర్చుంటుంది. నేసేటప్పటికి ఏ పోగు మీద ఎక్కడ ఎరుపు, ఎక్కడ తెలుపు అన్నది ముందే తేలిపోయి ఉంటుంది. చిటికి పని అంటే అదే, ఇక్కత్ అన్నా అదే.

బెంగుళూరు వైపు నుంచి వచ్చిన పట్టు నూలును ఉడకబెట్టి జిగురు తీస్తారు. ఆరాక రాట్నం మీద చుడతారు. అప్పుడు మొదలవుతుంది ఆసు. ఒక చెక్క చట్రం. ఒక కొసన ఒకే మేకు, ఎదురుగా అర్ధచంద్రాకారంలో వరసగా మేకులు. దారాన్ని ఈ కొసన మేకుకు తగిలించి, ఆ కొసన ఒక్కో మేకు మీదుగా తిప్పి, మళ్లీ ఇటు తేవాలి. చెయ్యి అటు పోవాలి, ఇటు రావాలి. ఒక చీరకు ఆ చెయ్యి తొమ్మిది వేల సార్లు అలా తిరగాలి. రోజుకు రెండు చీరలకు ఆసు పోసే ఆడవాళ్ల సంగతి మీరే లెక్క వేసుకోండి. ఒక్క పోగు లెక్క తప్పినా, మగ్గం ఎక్కాక పువ్వు రేకు వంకరపోతుంది. అందుకని మాటల్లో పడకూడదు, నిద్ర తూలకూడదు. వంట, పిల్లలు, పశువులు అన్నీ చూసుకుని చేసే పని ఇది.

ఆసు దిగిన పోగులను గుంపులు గుంపులుగా పట్టి, గళ్ల కాగితం మీద గీసుకున్న డిజైను ప్రకారం గుర్తులు పెడతారు. రంగు అంటకూడదనుకున్న చోట పాత సైకిల్ ట్యూబును సన్నగా కోసిన రబ్బరు పట్టీలతో గట్టిగా బిగిస్తారు. ముందు లేత రంగులో ముంచుతారు. ఆరబెట్టి, కొన్ని కట్లు విప్పి, కొన్ని కొత్తగా కట్టి, ముదురు రంగులో ముంచుతారు. ఎన్ని రంగులైతే అన్నిసార్లు. చివరికి పోగులను వరస తప్పకుండా కండెలకు చుట్టి నేతగాడి చేతికిస్తారు. గుంట మగ్గంలో కాళ్లు దించి కూర్చున్న ఆయన నాడె విసిరినప్పుడల్లా, వచ్చిన పేకను చేత్తో ఇంత అటు, ఇంత ఇటు సర్ది అచ్చు కొడతాడు. ఆ సర్దడంలో కొంచెం తేడా మిగులుతుంది. ఆ తేడా వల్లే చిటికి పువ్వు అంచులు ఈకల్లా కాస్త చెదిరినట్టు కనిపిస్తాయి. దాన్ని లోపం అనుకుని మొహం చిట్లించేవాళ్లను చూశాను. అసలు సరుకుకు అదే గుర్తు.

ఈ విద్య పోచంపల్లిలోనే పుట్టలేదు. చీరాల వైపు నుంచి తేలియా రుమాళ్ల పని ఈ పద్మశాలి కుటుంబాలకు వచ్చింది. ఆముదపు కాయల బూడిద, నూనె కలిపి నూలును నానబెట్టి, ఎరుపు, నలుపు రంగుల్లో నేసే ఆ రుమాళ్లు ఒకప్పుడు ఓడలెక్కి అరబ్బు దేశాలకు పోయేవి. పక్కన పుట్టపాకలో ఇప్పటికీ నేస్తున్నారు. 2020లో ఆ రుమాళ్లకు విడిగా భౌగోళిక గుర్తింపు వచ్చింది. పోచంపల్లి వాళ్లు మాత్రం 1970 ప్రాంతాల్లో నూలు నుంచి పట్టుకు మళ్లారు. ఆ మలుపుతోనే ఊరి దశ తిరిగింది. 2005 నాటికి పోచంపల్లి ఇక్కత్‌కు భౌగోళిక గుర్తింపు దక్కింది. దేశంలో చేనేతకు ముందుగా దక్కిన వాటిలో అదొకటి. 2021లో ఐక్యరాజ్యసమితి పర్యాటక సంస్థ ఈ ఊరిని ఉత్తమ పర్యాటక గ్రామాల్లో ఒకటిగా ఎంచింది. 2023 డిసెంబరులో రాష్ట్రపతి ద్రౌపదీ ముర్ము వచ్చి మగ్గాలు చూసి వెళ్లారు. 2025 మే నెలలో ప్రపంచ సుందరి పోటీలకు వచ్చిన అమ్మాయిలూ వచ్చారు. కెమెరాలు మెరిశాయి. మెరవనివ్వండి, ఊరికి మంచిదే. మగ్గం ముందు కూర్చున్నాయన కూలి మాత్రం కెమెరా వెలుగుతో పెరగదు.

అడిగినవాళ్ల మాట చెప్తానన్నాను కదా, అక్కడికే వస్తాను. ఆసు పోసీ పోసీ భుజాలు పడిపోతున్నాయి, ఇంక నా వల్ల కాదు అని ఒక తల్లి కొడుకుతో అంది. ఇలాంటి మాట నేతగాళ్ల ఇళ్లలో ఎన్ని వేల మంది తల్లులు అని ఉంటారో. విన్న కొడుకులు ఎన్ని వేల మందో. ఆలేరు దగ్గర శారాజిపేటకు చెందిన చింతకింది మల్లేశం మాత్రం ఆ మాట పట్టుకుని కూర్చున్నాడు. చిన్నప్పుడే బడి మానేసిన మనిషి. ఇంజనీరింగు చదివింది లేదు. ఏళ్ల తరబడి తంటాలు పడి, ఊళ్లో పిచ్చివాడనిపించుకుని, 1999లో ఆసు యంత్రం తయారుచేశాడు. నాలుగైదు గంటల పని గంటన్నరకు దిగింది. దానికి తల్లి పేరే పెట్టాడు, లక్ష్మీ ఆసు యంత్రం అని. 2017లో ఆయనకు పద్మశ్రీ ఇచ్చారు. 2019లో ఆయన కథ సినిమాగా కూడా వచ్చింది. పోచంపల్లి, పుట్టపాక, కొయ్యలగూడెం చుట్టుపక్కల ఇప్పుడు ఎంతోమంది ఆడవాళ్ల భుజాలు ఆ యంత్రం పుణ్యమా అని కుదుటపడ్డాయి.

నాకు ఇందులో ఆశ్చర్యం అనిపించేది ఒకటుంది. వందేళ్లకు పైగా ఆసు ఉంది. సహకార సంఘాలు వచ్చాయి, మాస్టర్ వీవర్లు వచ్చారు, సర్కారు పథకాలు వచ్చాయి, డిజైనర్లు వచ్చారు. అందరూ చీర అంచు ఎంత ఉండాలి, బుటా ఎలా ఉండాలి అని ఆలోచించారు. ఆడమనిషి చెయ్యి గురించి ఆలోచించడానికి ఆ ఇంట్లో పుట్టినవాడే కావాల్సివచ్చింది. 2019-20 చేనేత లెక్కల ప్రకారం దేశంలో చేనేత పని చేస్తున్న 35 లక్షల మందిలో నూటికి డెబ్బై మందికి పైగా ఆడవాళ్లే. అయినా నేతన్న అనే అంటాం. బ్యానర్ల మీద, పాటల్లో, పథకాల పేర్లలో అంతా నేతన్నే. కండె చుట్టేది, ఆసు పోసేది, చిటికి కట్టేది ఎవరని అడిగితే, ఇంట్లోవాళ్లు సాయం చేస్తారండీ అని జవాబు. సాయమట! ఆ సాయం ఒక్క వారం ఆగిపోతే ఊళ్లో ఒక్క మగ్గం కదలదు.

మంచిరోజులు మాత్రమే చెప్పి ముగిస్తే ఊరికి అన్యాయం చేసినట్టే. నూలు ధర చెప్పాపెట్టకుండా పెరుగుతుంది, చీర ధర పెరగదు. సరుకు నిలిచిపోతే అప్పు పెరుగుతుంది. ఈ శతాబ్దం మొదట్లో ఉమ్మడి నల్లగొండ జిల్లా చేనేత ఇళ్లలో అప్పుల బాధతో ఆత్మహత్యలు కూడా జరిగాయి. అందుకే చాలా ఇళ్లలో తండ్రి మగ్గం మీద ఉంటాడు, కొడుకు హైదరాబాదులో ఉద్యోగంలో ఉంటాడు. ఆ కొడుకును తప్పుపట్టే హక్కు మనలో ఎవరికీ లేదు. దీనికి తోడు అచ్చు గుద్దిన నకిలీలు. పోచంపల్లి డిజైను ఫోటో తీసి, ఎక్కడో మిల్లు గుడ్డ మీద అచ్చేసి, నాలుగో వంతు ధరకు అమ్ముతారు. చీరతో సహా పదకొండు రకాల సరుకును చేనేతకే కేటాయించే 1985 నాటి చట్టం ఉంది. భౌగోళిక గుర్తింపు ఉంది. 2006 నుంచి చేనేత గుర్తు లేబుల్ ఉంది. ఇన్ని ఉన్నా నకిలీ అమ్ముడుపోతోందంటే, కొనేవాళ్లు అడగటం లేదన్నమాట.

అడగడం పెద్ద విద్యేమీ కాదు. చీర తిరగేసి చూడండి. చిటికి పనిలో నూలుకే రంగు పడుతుంది కాబట్టి ముందూ వెనకా ఒకేలా ఉంటుంది. అచ్చు గుడ్డైతే వెనక వెలిసినట్టు కనిపిస్తుంది. పువ్వు అంచు చూడండి. కత్తితో కోసినట్టు నున్నగా ఉందంటే అనుమానించాలి. కొంగు చివర వేలాడే పోగులు చూడండి, ఒకే పోగు మీద రెండు మూడు రంగులు మారుతూ కనిపిస్తే అది చిటికి కట్టిన నూలే. ఇంత చూశాక, మగ్గం మీద నేసిందేనా, లేబుల్ ఉందా అని దుకాణదారును నోరు తెరిచి అడగండి. మీరు అడిగితే ఆయన సరఫరాదారును అడుగుతాడు.

ఊరు చూడాలనుకునేవాళ్లకు ఒక మాట. వినోబా మందిరం, చెరువు, నూటొక్క దర్వాజల ఇల్లు చూడదగినవే. పిల్లల్ని తీసుకువెళ్తే దర్వాజలు లెక్కపెట్టమని వదిలేయొచ్చు, కాసేపు అల్లరి తగ్గుతుంది. ఆ తరవాత షోరూముల దగ్గరే ఆగిపోవద్దు. సందుల్లోకి నడవండి. మగ్గం చప్పుడు వినిపించిన ఇంటి ముందు నిలబడి, చూడొచ్చా అని అడిగితే చాలామంది లోపలికి రమ్మంటారు. పని చూశాక ధర దగ్గర బేరం ఆడాలనిపిస్తే, తొమ్మిది వేల సార్లు తిరిగిన ఆ చేతిని ఒకసారి తలచుకోండి.

ఉత్సవాలు జరిపే పెద్దలకూ ఒక విన్నపం. ఈ 75 ఏళ్ల సందర్భంగా ఊళ్లో ఏ కొత్త శిలాఫలకం వేసినా, వంద ఎకరాల పక్కన ఎనభై ఎకరాలు అడిగిన ఆ నలభై కుటుంబాల సంగతీ చెక్కించండి. వాళ్ల మనవళ్లను, మనవరాళ్లను వేదిక మీద కూర్చోబెట్టండి. ఆసు పోసే ఒక ఆడమనిషి చేతికి మైకు ఇచ్చి, మీకేం కావాలమ్మా అని అడగండి. ఆమె చెప్పింది రాసుకోండి, వచ్చే ఏప్రిల్ 18 నాటికి దానికి జవాబు సిద్ధం చేయండి.